ఊరి వేస దగ్గర నూనె పోసే రాయి ఎవరిది?

ఈసారి పోస్టు పొడుగైంది. తీరిక చూసుకుని చివరిదాకా చదవమని మనవి, ఎందుకంటే చివర్లో నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి, మీకు ఒక పని కూడా అప్పజెప్పాలి.

మొన్న మన సమావేశంలో ఒక కుర్రాడు లేచి అడిగాడు: "నాందేడ్‌లో మనకు చరిత్ర ఏముంది అంకుల్? కోటలు రాజులవి, గుళ్ళు రాజులవి. మనలాంటి మామూలు జనం గురించి ఎక్కడైనా ఒక్క ముక్క రాసి ఉందా?" ఆ రోజు అతనికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి పడుకున్నాక మా అమ్మమ్మ ఊరి రాయి గుర్తొచ్చింది. జవాబు అక్కడుంది.

అమ్మమ్మ ఊరు దెగ్లూర్ తాలూకాలో ఒక చిన్న పల్లె. ఊరి వేస పక్కన మారుతి గుడి, గుడి ముందు వేపచెట్టు, చెట్టు మొదట్లో మూడు రాళ్ళు. ఒకటి నా నడుమెత్తు ఉండేది. తరాల తరబడి పోసిన నూనెకు నల్లబడి, పైన సిందూరం పెచ్చులు పెచ్చులుగా అట్టకట్టి ఉండేది. పోలా నాడు, అంటే మన పొలాల అమావాస్య నాడు, ఎడ్లకు కొమ్ములకు రంగులేసి, గజ్జెలు కట్టి, మారుతి గుడికి తీసుకొచ్చేవాళ్ళు. అమ్మమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టి, తిరిగొస్తూ ఆ రాయి మీద ఇంత నూనె పోసేది. "ఈ దేవుడెవరమ్మమ్మా?" అని అడిగాను ఒకసారి. "ఎవరో ఏమో బిడ్డా, ఊరిని కాసేటాయన. కాలు తగలనియ్యకు" అంది. ఆమెకు తెలిసింది అంతే. కానీ ఆ ఒక్క ముక్కలో అసలు సంగతి ఉందని నాకు ముప్పై ఏళ్ళ తర్వాత అర్థమైంది.

ఆ రాయిని వీరగల్లు అంటారు. మరాఠీవాళ్ళు వీరగళ్ అంటారు. గల్లు అంటే రాయి. కన్నడంలో కల్లు అంటే ఇప్పటికీ రాయే. మనం వాడుకలో వదిలేసినా, ఊరి పేరులో దాచుకున్నాం. ఓరుగల్లు అంటే ఒంటిరాయి, సంస్కృతంలో ఏకశిలానగరం. అంటే వరంగల్ పేరు చివర ఉన్న గల్లూ, వీరగల్లులో ఉన్న గల్లూ ఒకటే. మరాఠీ పల్లెలో, కన్నడ మూలం ఉన్న మాటతో పిలిచే రాయికి, ఒక తెలుగు ముసలమ్మ నూనె పోసింది. మన నాందేడ్ అంటే ఇదే.

ఇప్పుడు ఈ రాయిని చదవడం ఎలాగో చెబుతాను. చాలా వీరగల్లుల మీద అక్షరాలు ఉండవు, ముఖ్యంగా మన మరాఠ్వాడా వైపు. అక్షరాలు రాని జనం కోసం బొమ్మల్లో చెప్పిన కథ అది. ఎప్పుడూ కింద నుంచి పైకి చదవాలి.

అన్నిటికన్నా కింది అరలో మనిషి ఎలా చనిపోయాడో ఉంటుంది. చేతిలో కత్తి, డాలు, లేదా విల్లు. ఎదురుగా ఒకరో ఇద్దరో శత్రువులు, ఒక్కోసారి గుర్రం మీద. పక్కన ఆవులు కనిపిస్తే, పశువుల మందను తోలుకుపోతుంటే అడ్డుపడి చనిపోయాడని అర్థం. పులి కనిపిస్తే పులితో, పంది కనిపిస్తే పందితో పోరాడి పోయాడని. కొన్నిటిలో ఆ కింది అరలోనే వీరుడు నేల మీద పడి ఉంటాడు.

మధ్య అరలో వీరుడికి అటొకరు ఇటొకరు అప్సరసలు. చేతులు పట్టుకునో, పల్లకిలాంటి దాంట్లో కూర్చోబెట్టో పైకి తీసుకుపోతుంటారు. పోరులో పోయినవాడు వీరస్వర్గానికి వెళతాడన్న నమ్మకం అది.

పై అరలో శివలింగం. దాని ముందు వీరుడు చేతులు జోడించి కూర్చుని ఉంటాడు, పక్కన పూజారి. కొన్నిటిలో నంది కూడా. ఇక అన్నిటికన్నా పైన సూర్యుడు, నెలవంక. సూర్యచంద్రులున్నంత కాలం ఇతని పేరు ఉంటుందని ఊరు ఇచ్చిన మాట. తల మీద చిన్న కలశం కూడా ఉండొచ్చు.

అంతే. ఇంత సులువు. అయినా మనం ఎందుకు చదవలేకపోయామంటే నూనె, సిందూరం అట్టకట్టి బొమ్మలన్నీ మూసుకుపోయాయి, లేదంటే రాయి సగం భూమిలోకి దిగిపోయింది. దిగిపోయేది ఎప్పుడూ కింది అరే. అంటే ఆ మనిషి ఏం చేశాడో చెప్పే భాగమే మొదట మాయమవుతుంది.

ఆవుల గురించి ఒక మాట. నేటి పిల్లలకు ఇది చిన్న విషయంగా తోచవచ్చు, పశువుల కోసం ప్రాణం ఇవ్వడమేమిటని. ఆ రోజుల్లో పల్లె సంపదంతా పశువుల్లో ఉండేది. దుక్కి, ఎరువు, పాలు, బండి అన్నీ వాటితోనే. మందను తోలుకుపోతే ఆ ఊరు ఆ ఏడు సేద్యం చేయలేదు. అందుకే శత్రువు మొదట మందల మీద పడేవాడు. విరాటపర్వంలో కౌరవులు చేసింది కూడా ఇదే, ఉత్తర గోగ్రహణం. వానలు పడకపోతే విరాటపర్వం చదివించే అలవాటు మన తెలుగుదేశంలో ఉందని మీలో చాలామందికి తెలుసు. అక్కడ అర్జునుడు గెలిచి తిరిగొచ్చాడు. మా అమ్మమ్మ ఊరి ఆసామి రాలేదు. అందుకని అతనికి రాయి మిగిలింది.

ఇప్పుడు పోలా నాడు ఎడ్లను ఆ రాయి ముందుగా నడిపించడం, అమ్మమ్మ నూనె పోయడం, "ఊరిని కాసేటాయన" అనడం కలిపి చూడండి. పేరు పోయింది, వంశం పోయింది, భాష ఏమిటో తెలియదు. చేసిన పని మాత్రం ఊరి నోట్లో మిగిలింది.

ఈ సంప్రదాయం ఎంత పాతదో కూడా చెప్పుకోవాలి. మన తెలుగునేల మీద నాగార్జునకొండలో క్రీ.శ. 3, 4 శతాబ్దాల నాటి స్మారక స్తంభాలు దొరికాయి. ఇక్ష్వాకుల కాలంవి. వాటిని ఛాయాస్తంభాలు అన్నారు, అంటే పోయిన మనిషి నీడను నిలబెట్టిన రాయి. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడికి అతని కొడుకు వీరపురుషదత్తుడి 20వ పాలన సంవత్సరంలో ఒక ఛాయాస్తంభం నిలిపారు. నిలిపింది తల్లులు, అక్కచెల్లెళ్ళు, భార్యలు, అంటే ఇంటి ఆడవాళ్ళు. ఇంకా ముఖ్యమైన సంగతి, అక్కడ రాజుకు మాత్రమే స్తంభం లేదు. సేనాపతులకు ఉంది, సైనికులకు ఉంది, పనివాళ్ళ పెద్ద ఒకాయనకు కూడా ఉంది. నాగార్జునసాగర్ ఆనకట్ట వల్ల ఆ లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిలో చాలా భాగాన్ని కొండ మీది మ్యూజియానికి చేర్చారు. ఇప్పుడది నీళ్ళ మధ్య దీవి. సాగర్ వెళ్ళినప్పుడు లాంచీ ఎక్కి చూసి రండి.

పల్నాడు కథ మీకు తెలిసిందే. కారంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి ఉంది. 12వ శతాబ్దపు యుద్ధంలో పోయినవాళ్ళకు నేటికీ ఏటా కార్తీకంలో ఆరాధన జరుగుతుంది. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాలవాళ్ళనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టాడని చెప్పుకునే కథ. ఆ వీరుల్లో మాల కన్నమదాసు ఉన్నాడు. వీరగల్లుల ముందు నిలబడినప్పుడు నాకు ఆ పంక్తి గుర్తొస్తుంది. ప్రాణం పోయిన తర్వాత రాయికి కులం లేదు.

ఇక మన జిల్లాకు వద్దాం. కంధార్ కోట మీరంతా చూసే ఉంటారు. రాష్ట్రకూటుల కాలంలో అది పెద్ద పట్టణం, ఆ వంశంలో మూడవ కృష్ణుడి పేరుతో ముడిపడిన ఊరు. 10వ శతాబ్దం నడుమ అతను తక్కోలం దగ్గర చోళులతో యుద్ధం చేశాడు. అతని పక్షాన పోరాడిన గంగరాజు బూతుగుడు చోళ యువరాజు రాజాదిత్యుణ్ణి చంపాడు. ఆ యుద్ధంలో బాగా పోరాడిన మణలేరుడు అనే సేవకుణ్ణి ఏం కావాలో కోరుకోమంటే, అతను ఊరు అడగలేదు, బంగారం అడగలేదు. రాజు దగ్గరున్న కాళి అనే వేటకుక్కను అడిగాడు. తర్వాత ఆ కుక్క ఒక పెద్ద అడవిపందితో పోరాడింది. రెండూ చచ్చాయి. మణలేరుడు ఆ కుక్కకు వీరగల్లు వేయించి, దానికి పూజ జరగడానికి భూమి ఏర్పాటు చేశాడు. కర్ణాటకలోని ఆతకూరులో దొరికిన ఈ రాయి నేడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. మీద కుక్క, పంది కలబడుతున్న బొమ్మ. క్రీ.శ. 949-50 నాటిది. తక్కోలం యుద్ధం గురించి చరిత్రకారులు మాట్లాడేటప్పుడు తప్పకుండా ఎత్తే ఆధారాల్లో ఒకటి ఈ కుక్క సమాధిరాయి!

ముంబైలో ఉన్న మన బంధువులకు కూడా ఒకటి చెబుతాను. బోరివలి దగ్గర ఎక్సర్‌లో వరుసగా వీరగల్లులు ఉన్నాయి. వాటి మీద గుర్రాలు, ఏనుగులతో పాటు ఓడలు, తెడ్లు వేసేవాళ్ళు కనిపిస్తారు. శిలాహారులకు, దేవగిరి యాదవులకు మధ్య జరిగిన సముద్ర యుద్ధం అదని పండితులు చెబుతారు. లోకల్ రైలులో రోజూ ఆ పక్క నుంచే పోతూ ఉంటాం.

రాజులకు చరిత్ర ఉంది, మామూలు జనానికి లేదన్న కుర్రాడి మాటకు ఇంకో జవాబు కూడా ఉంది. కాకతి రుద్రమదేవి ఎప్పుడు పోయిందో మనకు ఎలా తెలిసింది? నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం వల్ల. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు, రుద్రమదేవికి, సేనాని మల్లికార్జున నాయకుడికి పుణ్యం కలగాలని దేవుడికి భూమి ఇచ్చి 1289 నవంబర్‌లో రాయి వేయించాడు. అంత పెద్ద మహారాణి చావు గురించి మనకు చెప్పింది ఒక చిన్న ఉద్యోగి. అతను ఆ రాయి వేయించకపోతే ఆ తేదీ మనకు దక్కేది కాదు.

వీరగల్లుల పక్కనే ఇంకోరకం రాయి ఉంటుంది. మోచేతి దగ్గర మడిచి పైకెత్తిన ఒక చెయ్యి, నిండా గాజులు. అది సతి రాయి. కన్నడంలో మాస్తికల్లు అంటారు. మన దగ్గర అలా పోయిన ఆడవాళ్ళను పేరంటాలు అని కొలిచారు. ఈ రాయి ముందు నాకు చేతులు జోడించబుద్ధి కాదు, అలాగని చూపు తిప్పుకోనూ లేను. పక్కన మగవాడి రాయి మీద అతను ఎవరి కోసం పోయాడో చెక్కారు. ఆమె రాయి మీద గాజుల చెయ్యి తప్ప ఏమీ లేదు. ఆమె వయసెంతో, ఆమె ఒప్పుకుందో లేదో ఏ శిల్పీ చెక్కలేదు. సతిని గొప్ప చేసి చూపడం 1987 నాటి చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఆ రాళ్ళకు జాతరలు చేయొద్దు. కానీ పగలగొట్టొద్దు, పారేయొద్దు. ఆ కాలంలో ఆడదాని గతి ఏమిటో చెప్పడానికి మిగిలిన సాక్ష్యం అదొక్కటే. మన ఆడపిల్లలకు చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

"ఇంతకీ ఆ వీరులు మనవాళ్ళేనా?" అని అడుగుతారేమో. నిజం చెప్పాలంటే రాయి ఆ మాట చెప్పదు. మన జిల్లాలో దొరికిన చాళుక్యుల కాలపు శాసనాల్లో చాలా భాగం కన్నడంలో ఉన్నాయి. 1968లో రిత్తి, షెళ్కే అనే ఇద్దరు పండితులు నాందేడ్ జిల్లా శాసనాలను పుస్తకంగా తెచ్చారు, అందులో చూడొచ్చు. ఆ రోజుల్లో తెలుగు, కన్నడ లిపులు దాదాపు ఒకటే. ఇప్పుడు అక్కడ జనం మాట్లాడేది మరాఠీ, తెలుగు, ఉర్దూ, కన్నడ, లంబాడీ, గోండి.

ఇక హద్దుల సంగతి. 1956 నవంబర్ 1 దాకా మనమంతా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నాం. ఆ రోజు గీత గీశారు. నాందేడ్ జిల్లాలోని ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్ళు, దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళు అటు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. ఆదిలాబాద్ నుంచి కిన్వట్ తాలూకా, ఇస్లాపూర్ సర్కిల్ ఇటు వచ్చాయి. మా అమ్మమ్మ పుట్టిల్లు ఒక రాష్ట్రం, అత్తిల్లు ఒక రాష్ట్రం అయింది, ఆమె గడప దాటకుండానే. ఆ వేపచెట్టు కింద మనిషి చనిపోయినప్పుడు ఈ గీత లేదు. అతను కాపాడింది ఊరిని. ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళందరికీ అతను పూర్వీకుడే. నా మట్టుకు నాకు ఆ జవాబు చాలు.

ఇప్పుడు నా తప్పు.

కొన్నేళ్ళ కిందట ఆ ఊరి మారుతి గుడిని కొత్తగా కట్టాలనుకున్నారు. పాత గుడి నిజంగానే కూలడానికి సిద్ధంగా ఉంది. ఊరివాళ్ళు నాందేడ్ వచ్చి నన్ను కలిశారు. అమ్మమ్మ పేరు మీద సంతోషంగా చందా ఇచ్చాను. గుడి పూర్తయ్యాక పిలిస్తే వెళ్ళాను. స్లాబు వేశారు, టైల్స్ పరిచారు, శుభ్రంగా ఉంది. వేపచెట్టు లేదు. రాళ్ళూ లేవు. అడిగితే మేస్త్రీ ఏ దాపరికం లేకుండా చెప్పాడు: "పాత రాళ్ళు గట్టిగా ఉన్నయ్ సార్, పునాదిల ఏసినం."

ఎవరినీ తప్పు పట్టలేను. ఆ రాయి ఏమిటో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. అప్పటికి నాకు వీరగల్లుల సంగతి తెలుసు. పుస్తకాలు చదివాను, ఆతకూరు కుక్క కథ అందరికీ చెప్పాను. నా సొంత ఊరి రాయికి ఒక్క ఫొటో తీయలేదు. చందా ఇచ్చేటప్పుడు "ఆ మూడు రాళ్ళు జాగ్రత్త" అని ఒక్క మాట అనలేదు. గుడి గోడకు పాలరాయి పలక పెట్టి చందాదారుల పేర్లు చెక్కించారు. అందులో నా పేరు ఉంది. డబ్బు ఇచ్చినవాడి పేరు గోడ మీద, ప్రాణం ఇచ్చినవాడి రాయి దాని కింద పునాదిలో. ఆ పలక ముందు నిలబడినప్పుడు కలిగిన సిగ్గు ఇంకా పోలేదు.

అందుకే ఈ పోస్టు. మన సంఘంలో దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్, ముఖేడ్, కంధార్ పల్లెలతో బంధం ఉన్నవాళ్ళు ఎంతమందో. రేపు దసరాకో దీపావళికో ఊరికి వెళ్ళినప్పుడు ఈ కింది పనులు చేయండి.

వేస దగ్గర, మారుతి గుడి దగ్గర, చెరువు కట్ట మీద, పాత శివాలయం ప్రాకారంలో, బావి మెట్లలో చూడండి. అరలు అరలుగా బొమ్మలున్న రాయి కనిపిస్తే ఫొటో తీయండి. నడిమధ్యాహ్నం వద్దు. పొద్దున్నో సాయంత్రమో వెలుగు పక్క నుంచి పడ్డప్పుడు అరిగిపోయిన బొమ్మ కూడా తేలి కనిపిస్తుంది. పక్కన ఒక స్కేలో, చేతికర్రో పెట్టి ఎత్తు తెలిసేలా తీయండి. నాలుగు వైపులా తీయండి. అక్షరాలుంటే దగ్గర నుంచి విడిగా తీయండి.

ఊళ్ళో ముసలివాళ్ళను అడగండి. ఆ రాయిని ఏమంటారు, ఎవరు పూజ చేస్తారు, ఏ పండక్కి చేస్తారు, ఏం కథ చెబుతారు. వాళ్ళు చెప్పింది సెల్‌ఫోన్‌లో రికార్డు చేయండి. రాయి ఇంకో వందేళ్ళు ఉంటుందేమో, ఆ ముసలావిడ ఉండదు.

సిందూరం గోకొద్దు, యాసిడ్ పోయొద్దు, ఇనుప బ్రష్ పెట్టొద్దు, ఆయిల్ పెయింట్ అసలే వద్దు. పూజ చేసేవాళ్ళతో గొడవ పడొద్దు. మా అమ్మమ్మ లాంటివాళ్ళు నూనె పోయబట్టే ఆ రాయి ఇన్నాళ్ళు అక్కడ నిలిచింది.

గుడి మరమ్మతు, రోడ్డు వెడల్పు పనులు మొదలవుతున్నాయని తెలిస్తే ముందుగానే సర్పంచ్‌తో మాట్లాడండి. రాయిని అదే ఊళ్ళో, నలుగురికీ కనిపించే చోట ఒక గద్దె కట్టి నిలబెట్టమనండి. తవ్వకంలో కొత్తగా బయటపడితే తహసీల్దార్ ద్వారా కలెక్టర్‌కు తెలపాలి. 1878 నుంచీ అందుకు చట్టం ఉంది. ఎవరైనా కొంటామని వస్తే ఒప్పుకోవద్దు. వందేళ్ళు దాటిన శిల్పం 1972 చట్టం కింద పురావస్తువు.

ఫొటోలు, వివరాలు మన గ్రూపులో పెట్టండి. ఊరి పేరు, తాలూకా, రాయి ఉన్న చోటు తప్పకుండా రాయండి. నలుగురం కూర్చుని తాలూకాల వారీగా ఒక పట్టిక తయారు చేద్దాం. ఆ తర్వాత దాన్ని పురావస్తు శాఖకు ఇద్దాం, వచ్చే సమావేశంలో పిల్లలకు చూపిద్దాం. మొదటి వరుసలో మా అమ్మమ్మ ఊరి పేరు నేను రాస్తాను. ఫొటో గడి ఖాళీగా వదిలేస్తాను.

ఆ కుర్రాడికి నా జవాబు ఇది నాయనా. మన ఊరి చివర రాసి ఉంది. కింద నుంచి పైకి చదవాలి. వచ్చే పోలాకు నాతో రా, పక్క ఊళ్ళో ఇంకా రెండు రాళ్ళు మిగిలాయని విన్నాను, ఇద్దరం వెళ్ళి చూద్దాం.